పసిరమ్మ కట్టిన పీచుగోడ

ఒకప్పుడు ఏ కణానికీ గోడ ఉండేది కాదు. అప్పటికింకా చెట్లూ లేవు, జంతువులూ లేవు. కంటికి ఆననంత చిన్న కణాలు నీళ్లలో ఈదుతుండేవి, అంతే. ఒక్కోదానికి చుట్టూ పల్చటి పొర, నడుమ కూర్చుని పెత్తనం చేసే కేంద్రకం. అన్నీ ఒకే తీరు.

వాటిలో అచ్చమ్మ, చిట్టెమ్మ అని అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు అంటుకుని ఉండేవారు. ఇద్దరికీ వండిపెట్టేది పసిరమ్మ. ఒళ్లంతా పచ్చగా ఉండే ఈ పసిరమ్మ కాపురం అచ్చమ్మ ఇంట్లో. ఆమెకు కట్టెలక్కర్లేదు. నీళ్లనూ గాలినీ ఎండలో కలిపి చక్కెర వండేది.

అయితే వడియాలకు కావలసినట్టే ఆ వంటకూ కుదురుగా ఎండ తగలాలి. చిట్టెమ్మ ఉన్నచోట కుదురెక్కడిది?

"అక్కా, అక్కడేదో మెరుస్తోంది!" అని పరుగెత్తేది. అంటుకుని ఉన్న పాపానికి అచ్చమ్మను కూడా ఈడ్చుకుపోయేది. ఎండలో ఉన్న పొయ్యి కాస్తా ఏ రాతి నీడకో చేరేది. వంట సగంలో ఆగిపోయేది.

"పొద్దున్నుంచీ ఇది ఏడోసారే చిట్టెమ్మా! నా ప్రాణం తోడేస్తున్నావు. కాసేపు ఒకచోట ఉంటే నీ సొమ్మేం పోయింది?" అని కసిరేది పసిరమ్మ.

"ఇక కదలను అత్తా, ఒట్టు!" అనేది చిట్టెమ్మ. ఆ ఒట్టు నీళ్లలో కలిసేలోపే మళ్లీ బయల్దేరేది. అదేం బుద్ధో!

మూడు రోజులు ఇద్దరికీ పస్తు. అచ్చమ్మ పొర ముడతలు పడింది. అది చూసి పసిరమ్మకు తిక్క రేగింది. ఉన్న కాస్త చక్కెరనూ పీచులుగా సాగదీసి, అడ్డంగా నిలువుగా పేర్చి, అచ్చమ్మ చుట్టూ గట్టి గోడ కట్టేసింది. ఇంట్లో పెద్ద నీళ్ల తొట్టి పెట్టి అంచుదాకా నింపింది. నీళ్లు లోపలినుంచి నెడుతుంటే గోడ బిగుసుకుంది. ఇక అచ్చమ్మను ఎవరూ లాగలేరు.

"నాకూ కట్టవా అత్తా?" అంది చిట్టెమ్మ.

"కడతాను. కదలకుండా కూర్చుంటావా?"

చిట్టెమ్మ ఆలోచించింది. అంతలో దూరంగా ఏదో మెరిసింది. ఇంకేముంది, వెళ్లిపోయింది. పసిరమ్మ నెత్తి కొట్టుకుంది.

నెల తిరక్కుండానే చిట్టెమ్మ వడలిపోయి తిరిగొచ్చింది.

"ఆకలేస్తోంది అత్తా. నాతో వచ్చెయ్యి."

"పొయ్యి ఎండను వదిలి రాదే తల్లీ! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

గోడకు అవతల చెల్లి, ఇవతల అక్క. మునుపటిలా అంటుకుని కూర్చోవడం ఇక కుదరదు. అచ్చమ్మకు ఏడుపు ఆగలేదు. పసిరమ్మకు కోపం తగ్గలేదు, అలాగని చేయీ ఊరుకోలేదు. గోడ సందులోంచి గుప్పెడు చక్కెర అందించింది.

"తిని తగలడు! మళ్లీ ఆకలేస్తే ఎక్కడికొస్తావు, ఇక్కడికే కదా!"

అప్పటినుంచే మొక్కల కణాలకు గట్టి గోడా, పెద్ద నీళ్ల తొట్టీ, పచ్చని వంటమనిషీ ఉన్నాయి. జంతువుల కణాలకు కేంద్రకం ఉన్నా, చుట్టూ ఉన్నది ఆ పల్చటి పొరే. అందుకే జంతువులు ఊరంతా తిరిగి తిరిగి, ఆకలేస్తే మొక్కల దగ్గరికే చేరతాయి. మనమూ చిట్టెమ్మ పిల్లలమే మరి. పసిరమ్మ మనల్ని తిట్టుకుంటూనే, ఈనాటికీ తన ఇంటికి కావలసినదానికన్నా గుప్పెడు ఎక్కువే వండుతోంది.