దొరకని పేరు

“తప్పు చేసినవాణ్ణి పంపించేశాక కూడా తప్పు ఎందుకు పోలేదు సార్?” అని ఇందుమతి తన సీనియర్ ఇంజనీరు వేదాచలం గారిని అడిగింది.

వేదాచలం గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అది తెలిసే ఆమె లాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. మనుషులు రాసిన కోడ్‌ను చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే పాత కంపైలర్‌ను వాళ్ళ బృందం ఒక కొత్త చిప్‌కు తగ్గట్టు మారుస్తోంది. చిప్‌కు తగ్గ ఆదేశాలు పుట్టించే భాగం రహంతుల్లా రాశాడు. ముక్కలన్నిటినీ లింకర్‌తో కలిపి ప్రోగ్రాం తయారుచేసే పని ఇందుమతిది. ఆ ప్రోగ్రాం చిప్ మీద రెండడుగులు వేయకముందే ఆగిపోయేది. “నా కోడ్ సరిగానే ఉందండీ, కలిపే దగ్గర ఏదో తప్పిపోతోంది” అని అతను నెల్లాళ్ళు మొత్తుకున్నాడు. లింకర్ ఒక్క ఎర్రర్ కూడా ఇవ్వలేదని ఇందుమతి రిపోర్టు రాసింది. ఆ రిపోర్టు చూసి పోయిన శుక్రవారం అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

“లింకర్ ఆప్షన్లు ఎక్కణ్ణుంచి తెచ్చావమ్మా?” అన్నారాయన.

“పాత చిప్ ఫైల్లోంచి సార్. మక్కీకి మక్కీ దించాను.”

ఆ ఆఫీసులో అందరూ చేసేదే అది. ఒకసారి పనిచేసిన ఫైలును ప్రశ్నించడమంటే వాళ్ళకి పెద్దలకు ఎదురు చెప్పడమే. ఆయన ఆఖరి వరుసలో ఒక ఆప్షన్ మీద వేలు పెట్టారు. కోడ్ పిలిచిన ఫంక్షన్ పేరు ఏదైనా దొరక్కపోతే పట్టించుకోవద్దని లింకర్‌కు చెప్పే ఆప్షన్ అది.

“ఇది తీసి మళ్ళీ కలుపు.”

తీసింది. ఒకే ఒక్క ఎర్రర్ వచ్చింది. భాగహారం చేసే ఫంక్షన్ ఎక్కడా లేదట. పాత చిప్ భాగహారం తానే చేసుకునేది, కొత్తదానికి ఆ విద్య రాదు. దానికోసం అలాంటి ఫంక్షన్లు సిద్ధంగా ఉండే వేరే లైబ్రరీ కలపాలి, కలపవలసింది ఇందుమతే. ఇన్నాళ్ళూ ఆ పేరు దొరక్క, దాని చిరునామా ఉండాల్సిన చోట లింకర్ సున్నా పెట్టి ఊరుకుంది, ప్రోగ్రాం వెళ్ళి ఆ సున్నాలో పడింది.

లైబ్రరీ చేర్చగానే ప్రోగ్రాం చివరిదాకా నడిచింది. రహంతుల్లా కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చవలసిన పని పడలేదు. ఇందుమతికి సిగ్గేసింది. అయినా మనిషి నోరు ఊరుకోదు కదా, నెపం తోసెయ్యడానికి ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతుకుతుంది.

“ఈ ముక్క లింకర్ ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు సార్” అంది.

వేదాచలం గారు లాప్‌టాప్ మూసి ఆమె చేతికిచ్చారు.

“దాని నోరు నువ్వు మూశావు. రహంతుల్లా చెప్పాడుగా.”