ఉడకని తాటాకు

వాగ్దేవికి అంజలి ఘటించి, తాటాకులపై వ్రాసే గంటాలను సాగగొట్టే కమ్మరి పోలమ్మ కథ వినిపిస్తాను.

రాజ్యంలోని భూముల వివరాలన్నీ రాజు ఒక్క గ్రంథంగా కూర్పించబోగా, వ్రాసిన ఆకల్లా చీలిపోయింది.

"దోషం ఈ పోలమ్మ గంటాలదే! దీన్ని దేశం దాటించండి, ప్రభూ!" అన్నాడు ఆస్థాన పండితుడు నారసింహభట్టు.

సభకు పిలిపించిన పోలమ్మ ముందుకు వచ్చింది. తాను తెచ్చిన ఆకుపై అదే గంటంతో వ్రాసి రాజుకు చూపింది. అది చీలలేదు.

"దీన్ని పసుపునీళ్లలో ఉడికించి ఆరబెట్టాను, ప్రభూ. అయ్యవారూ, మీ ఆకులు ఉడికించారా?"

"వంటకుండలో పెడితే మైలపడవూ? పచ్చి ఆకే పవిత్రమని నేనే వద్దన్నాను."

"అయితే ప్రభూ, నన్ను పంపేముందు అయ్యవారికి పచ్చిబియ్యం వడ్డించండి. ఆయన తింటే నేను వెళ్తాను."

భట్టు తలదించుకున్నాడు. రాజు నవ్వి, ఆకులుడికించే పని పోలమ్మకే అప్పగించాడు.

ఈ కథ విన్నవారి వాక్కు నిర్భయమై, విద్య చిరస్థాయియై వర్ధిల్లుగాక!