ప్రతి పుటకీ అడ్డంగా పేరు

పొద్దున్నే ప్రభులింగానికి ఫోనొచ్చింది. చేసింది లచ్చవ్వ అని, పక్క మండలంలో ఓ పల్లెటూరి ఆవిడ. భర్త పోయి వారమైందట.

"నువ్వు కంప్యూటర్ల పెట్టిన తత్వాల కాయితం దించుకున్నం కొడుకా. ఆయనకు ఇష్టమైన పాట పాడి సాగనంపుదామనుకున్నం. నడిమిట్ల ఒక చరణం కనవడనే లేదు. సగంలనే ఆపి మోసుకపోయినం" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కంప్యూటరు పాఠాలు చెప్పుకునే ప్రభులింగం, తత్వాలు పాడే అచల సంప్రదాయపు గురువు సాంబయ్య సామికి శిష్యుడు. సామి మగ్గం నేసి బతికిన మనిషి. తన గురువు దగ్గర నేర్చుకున్న రెండు వందల తత్వాలు నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. పాడే గొంతు పోయింది. ఆ కాగితాలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఇక ఆ పాటలు బతకాలంటే శిష్యుడి వెబ్‌సైటే దిక్కు.

ప్రభులింగం మూడేళ్లు కూచుని ఒక్కో పుటా స్కాన్ చేసి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా తన సైటులో పెట్టాడు. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. ప్రతి పుట మీదా ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రటి అక్షరాల్లో తన పేరు వేసుకున్నాడు. లచ్చవ్వకి కనబడని చరణం ఆ పేరు కిందే ఉంది. అచలుల్లో పాట కట్టినవాడు సైతం చివరి చరణంలో గురువు పేరే చెప్పుకుంటాడు. మన కంప్యూటరు పంతులుకి ఆ సంగతి ఎందుకో తట్టలేదు.

సామి ఇంటికెళ్లి జరిగింది చెప్పాడు. చెబుతూ చెబుతూనే తనని తాను వెనకేసుకొచ్చాడు.

"పేరు తీసేస్తే రేపు ఎవడో తన సైట్ల పెట్టుకొని, నేనే సేకరించిన అంటడు సామీ. కష్టం నాది, పేరు ఇంకొకనిదా?"

సామి నోటుబుక్కుల వైపు కర్ర చూపించాడు.

"ఆమెకు ఫోన్ కలుపు. అసలు పుస్తకంల చూసి ఆ పాట సదువు. పదకొండో దినానికన్న పూర్తిగ పాడుకుంటరు."

ప్రభులింగం ఫోను కలిపి, నోటుబుక్కు తీసుకుని గుమ్మానికి లోపలి పక్క, వెలుతురు పడేచోట కూచున్నాడు. అటు లచ్చవ్వ వాళ్లు రాసుకుంటున్నారు. రెండు చరణాలు చదివాడు. మూడోది ఎత్తుకోగానే సామి కర్ర పట్టుకుని లేచి, వచ్చి సరిగ్గా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన నీడ పుటంతా పరుచుకుంది.

ప్రభులింగం పుస్తకం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సిరా ఎప్పుడో వెలిసిపోయింది. ఎంత చూసినా ఒక్క ముక్క కంటికి ఆనడం లేదు. "ఆపినవేంది కొడుకా?" అంటోంది ఫోనులో లచ్చవ్వ.

"సామీ, జర పక్కకు జరుగుండ్రి. అచ్చరాలు కనవడ్తలేవు."

సామి కదల్లేదు.

"ఈ పాట నీకు చెప్పిందెవలు?"

"మీరే సామీ."

"అయినా జరగాల్నా?"

ప్రభులింగానికి పుటలకి అడ్డంగా వేసుకున్న తన పేరు గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సామి కర్ర పోటేసుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. పుట మీద ఎండ పడింది.

"సదువు" అన్నాడు. "ఆమె ఫోన్ల ఇంటున్నది."