ఆవానికి గవరమ్మ పెట్టిన కన్నం

అనగనగా ఒక కుమ్మరి వీధి ఉండేదట కన్నా. ఆ వీధిలో ఏడిళ్ళు. ఏడిళ్ళకీ కలిపి కుండలు కాల్చే ఆవం ఒక్కటే. అక్కడ ఆడవాళ్ళే కుమ్మరి చక్రం, అదే సారె, తిప్పేవారు.

అందులో పక్కపక్క వాకిళ్ళలో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. పెద్దావిడ గవరమ్మ, చిన్నావిడ నూకాలు. గవరమ్మ చెడ్డదేం కాదు. నూకాలికి జ్వరమొస్తే గంజి కాచి పోసింది ఆవిడే. కానీ నూకాలు కుండల్ని ఎవరైనా మెచ్చుకున్నారంటే చాలు, గొంతులో చేపముల్లు పడ్డట్టుండేది.

ముందు సంతలో ఒకావిడ "నూకాలు చేసిన కుండే ఇవ్వమ్మా" అంది. గవరమ్మ నవ్వేసింది. ఆ తర్వాత అత్తగారు "చిన్నదాని కుండలో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయే!" అంది. గవరమ్మ ఊరుకుంది. ఆ తర్వాత పెళ్ళివారొచ్చారు. అరివేణి కుండలు, అంటే పెళ్ళిలో పూజకి పెట్టే రంగుల కుండలు, ఎప్పుడూ పెద్దకోడలే చేసేది. ఈసారి వాళ్ళు నూకాల్ని అడిగారు. ఆ పూట గవరమ్మకి అన్నం సయించలేదు.

అప్పుడు ఏడిళ్ళ కుండలూ ఆవంలో పేర్చారు. గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి, నిప్పు పెట్టారు. మూడో రోజుదాకా ఎవరూ ముట్టుకోకూడదు. వేడిమీదుండగా గాలి సోకితే కుండ పగులుతుంది. ఆ వీధిలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. గవరమ్మకి తెలీదా?

తెలుసు. కానీ రెండో రోజు అందరూ మట్టికోసం చెరువుకెళ్ళినప్పుడు, ఆవిడ కాళ్ళు ఆవం వైపే లాగాయి. చిన్నదాని అరివేణి కుండలు ఒక్కసారి చూద్దాం అనుకుంది. వంకర పోయుంటే బాగుండునని కూడా అనుకుంది, పాపం. అరచెయ్యంత మట్టి పెళ్ళగించి లోపలికి చూసింది. ఎర్రగా మెరుస్తున్నాయి అరివేణి కుండలు. ఒక్క వంకర లేదు. ఉసూరుమంటూ మళ్ళీ మట్టి మెత్తేసింది.

మూడో రోజు వీధి పెద్ద ఎర్రయ్య ఆవం విప్పాడు. ఒక కుండని వేలితో కొట్టి చూశాడు. ఖంగుమనాల్సింది టప్పుమంది. ఇంకోటి కొట్టాడు, టప్పు. మరోటి, టప్పు. అన్నీ పగిలిపోయాయి! నెల్లాళ్ళ రెక్కల కష్టం.

"ఎవరో ఆవం కెలికారు!" అని అరిచాడు ఎర్రయ్య. "ఎవరో చెప్పండి, చెయ్యి విరిచేస్తాను!"

గవరమ్మకి నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఎదురుగా నూకాలు కనబడింది. పెళ్ళివారిచ్చిన కొత్త చీర కట్టుకునుంది.

"చిన్నదే కదా పొద్దస్తమానం ఆవం చుట్టూ తిరిగేది" అనేసింది గవరమ్మ.

అంతే. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని ఒక్కరూ అడగలేదు. అందరూ నూకాలు వాకిట్లోకి పోయారు. ఒకడు ఆరబెట్టిన మూకుళ్ళు తన్నాడు. ఒకామె నానబెట్టిన మట్టిలో బూడిద గుమ్మరించింది. ఎర్రయ్య రోకలెత్తి సారె మీదికొచ్చాడు.

"పెళ్ళికుండలు చేస్తావా? ఇక పిడకలు చేసుకో పో!" అని ఎవరో వెక్కిరించారు. గవరమ్మకి ఎంత హాయిగా ఉందో! ఎండలో మజ్జిగ తాగినట్టు.

అప్పుడు నూకాలు సారె మీద పడి, రెండు చేతులతో దాన్ని కావలించుకుంది. "నువ్వయినా చెప్పక్కా! ఇది పోతే నేనేం చేసుకు బతకను?"

అంతమందిలో గవరమ్మనే అడిగింది. ఆ హాయి కాస్తా చేదైపోయింది.

"ఆగండి!" అంది గవరమ్మ. "కన్నం పెట్టింది నేను. దాన్ని చూసి ఓర్వలేక పెట్టాను."

ఎర్రయ్య పళ్ళు కొరుకుతూ గవరమ్మ సారె వైపు నడిచాడు.

అప్పుడు నూకాలు లేచి దారికడ్డం నిలబడింది. చెంపలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మావా, ఇందాక నా సారె మీదికొచ్చావు. అప్పుడూ నీకు ఇంతే కోపం. అప్పుడూ ఇంతే న్యాయమనిపించింది. రేపు కూర్చుని మాట్లాడుకుందాం. ముందు వెళ్ళి అన్నాలు తినండి."

ఎర్రయ్య రోకలి కింద పెట్టాడు.

మర్నాడు ఏడిళ్ళవాళ్ళూ కూర్చున్నారు. గవరమ్మ మాట విన్నారు. నూకాలు మాట విన్నారు. ఎర్రయ్య తన తప్పు తనే చెప్పుకుంటే, అదీ విన్నారు. తన్నిన మూకుళ్ళు తన్నినవాళ్ళే చేసివ్వాలన్నారు. మళ్ళీ ఆవం పెట్టేదాకా ఏడిళ్ళ మట్టీ గవరమ్మే తొక్కాలన్నారు. మడమలు పగిలేదాకా తొక్కింది గవరమ్మ.

ఆ తర్వాత ముహూర్తం వేళకి కొత్త అరివేణి కుండలు తయారయ్యాయి. నూకాలు రంగులద్దింది. పెళ్ళింటికి తలమీద మోసుకెళ్ళింది మాత్రం గవరమ్మ. దారి పొడుగునా జనం, "ఎంత ముద్దుగా ఉన్నాయో! ఎవరు చేశారమ్మా?" అని ఆపి ఆపి అడిగారు.

కుళ్ళు పోయిందా అంటావా? పోలేదు కన్నా. ప్రతి మాటా చురుక్కుమంది. అయినా "మా చెల్లి చేసింది" అని మూడుసార్లు చెప్పింది. మొదటిసారి గొణిగింది. రెండోసారి బొంగురుగా వచ్చింది. మూడోసారి, ఎవరూ అడక్కుండానే చెప్పింది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి దారి పట్టింది,
కోపాలన్నీ గడప బయట పెట్టి,
పడుకో నాన్నా, అమ్మమ్మ చెయ్యి పట్టి.