మాచోజు చరిత్రకు రాజుగారి సవరణ

కుంభగిరి అనే ఒకానొక కొండ రాజ్యాన్ని రణకేసరి ఏలుతుండేవాడు. ఆయనకు అన్నీ ఉన్నాయి, మనశ్శాంతి తప్ప. కారణం అసూయ. అదీ ఎవరిమీద? చచ్చిపోయిన ఒక కమ్మరిమీద!

ఏటి నీటిని కొండమీదికి ఎక్కించే చక్రం కట్టినవాడు మాచోజు. అతడు పోయి ఏడాదైనా జనం ఆ నీళ్ళను ‘మాచోజు నీళ్ళు’ అనే పిలిచేవారు. పొద్దున్నే దాసి వచ్చి, "మహారాజా, స్నానానికి మాచోజు నీళ్ళు తోడాను" అంటే రాజుగారికి ఒళ్ళు మండిపోయేది. కొండ నాది, ఏరు నాది, పేరు మాత్రం వాడిదా!

ఇక ఉండబట్టలేక ఆస్థాన లేఖకుడు సింగనను పిలిపించాడు.

"మాచోజు చరిత్ర రాయి. తప్పులు మాత్రమే రాయాలి. చక్రం ఊసెత్తావో, దేశం విడిచిపోవాలి!"

"చిత్తం ప్రభూ" అన్నాడు సింగన.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. చరిత్రలో కథానాయకుడి పేరు రాయకుండా ఖాళీ వదిలేవారు. సభలో చదివాక, అది ఎవరి కథో విన్నవాళ్ళే చెప్పాలి. అప్పుడు రాజు తన బంగారు గంటంతో స్వయంగా పేరు రాసి ముద్ర వేసేవాడు.

నెల తిరిగింది. నిండు సభలో సింగన తాటాకులు విప్పాడు.

"ఈయనకు ముక్కుమీద కోపం. పనివాళ్ళను నలుగురిలో తిట్టేవాడు. కిందివాళ్ళు చెప్పిన ఉపాయాన్ని మర్నాడు తనదేనని చెప్పుకునేవాడు. ఎవరైనా ఇంకొకరిని మెచ్చుకుంటే ఆ పూట అన్నం ముట్టేవాడు కాడు..."

రాజు సంబరంగా తల ఊపుతున్నాడు.

"ఎవరి కథ ఇది?" అడిగాడు సింగన.

అందరూ తలలు వంచుకుని, ఓరకంట సింహాసనంవైపు చూస్తున్నారు. రాణిగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాట్లాడరేం? మాచోజు కథేగా!" గద్దించాడు రాజు.

"అలాగా ప్రభూ! మేము ఇంకెవరో అనుకున్నాం" అని ముసలి మంత్రి గబుక్కున కూర్చున్నాడు.

రాజు ముఖం కందిపోయింది. "సింగనా! నా గురించి రాశావా?"

"అయ్యో! ప్రతి ముక్కా మాచోజుదే. ఆయన చేత తిట్లు తిన్న శిష్యులే చెప్పారు. కానీ ప్రభూ, ఇలాంటి తప్పులు చాలామందికి ఉంటాయి. చక్రం తీసేస్తే ఆయనెవరో ఎలా తెలుస్తుంది?"

రాజు గొంతు తగ్గించి అడిగాడు, "మరి నా చరిత్ర రాస్తే? తప్పుల పక్కన ఏం రాస్తావు?"

సింగన కట్టలోంచి రాయని ఆకులు తీసి చూపించాడు.

"ఖాళీగా ఉంచాను ప్రభూ. ఏలినవారు ఇంకా చల్లగా ఉన్నారుగా!"

రణకేసరి కళ్ళెర్రజేశాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు. "తిట్లూ రాయి, చక్రమూ రాయి!" అంటూ మాచోజు పేరు తానే చెక్కి, ఆ బంగారు గంటాన్ని సింగనకే ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే దాసిని ఆయనే అడిగాడట, "మాచోజు నీళ్ళు తోడావా?" అని. కాస్త పళ్ళు కొరుకుతూనే అనుకోండి!