వహీద్ సాబ్ తుపాకికి కొత్త ట్రిగ్గర్

"ఉస్తాద్, నా చేతిమీదికెళ్లి తుపాకి ఎన్నడు బయటికి పోతది?"

రాజేశం ఈ మాట అడిగింది నిర్మల్‌లో, మోనాచారి తుపాకుల మరమ్మతు దుకాణంలో, శ్రావణమాసం ముసురు పట్టిన ఒక పొద్దున. అడిగినవాడు చిన్నవాడేం కాదు. ముప్పై ఆరేళ్లు, చెవుల పక్కన నెరిసిన జుట్టు, తొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు. బోల్టు తోమడం నుంచి స్ప్రింగు మార్చడం దాకా రాని పని లేదు. కానీ ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. పని ఎవరు చేసినా, బాగైన తుపాకిని గడప దగ్గర నిలబడి రెండు చేతులా యజమానికి అందించేవాడు మోనాచారి ఒక్కడే. అందించినవాడి పేరే రిజిస్టరులో పడుతుంది. తొమ్మిదేళ్లలో ఆ పుస్తకంలో రాజేశం పేరు ఒక్కసారీ పడలేదు. ఆ బాధను ఇన్నాళ్లూ మింగాడు గానీ, ఆ పూట మింగుడు పడలేదు.

మోనాచారి అడిగినదానికి జవాబిచ్చే రకం కాదు. ఏమడిగినా చేతిలో ఒక పని పెట్టి ఊరుకుంటాడు. ఆ రోజూ అంతే. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, బీరువాలోంచి అరచేయంత డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"వహీద్ సాబ్ తుపాకికి కొత్త ట్రిగ్గర్. నువ్వే ఎక్కియ్యి. నువ్వే అప్పజెప్పు."

రాజేశం సంబరంగా డబ్బా అందుకున్నాడు. వహీద్ సాబ్ అంటే, మక్కచేన్ల మీద పడి నాశనం చేసే అడవిపందులను కొట్టడానికి సర్కారు అనుమతి ఉన్న వేటగాడు. పాత ట్రిగ్గర్ మొండిదైపోయి, గట్టిగా లాగేసరికి గురి తప్పుతోందని తనే కొత్తది తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం వాన తెరిపియ్యగానే దాంతో చేన్లకు పోవాలి. ఓ ఊరు ఊరంతా ఆయన కోసం కాచుకుని ఉంది.

రాజేశం బోల్టు తెరిచి, తూటా గదిలో చిటికెన వేలు పెట్టి చూశాడు. అక్కడ కళ్లను నమ్మరు. వేలు పెట్టాల్సిందే, రెండో మనిషీ పెట్టాల్సిందే. మోనాచారి కూడా వేలు పెట్టి తలూపాడు. మూతిని ఇసుక డ్రమ్ము వైపు తిప్పి, ఇనుప భాగాన్ని పట్టి ఉంచే చెక్క దస్తా ఊడదీసి, ఆ ఇనుప భాగాన్ని బల్లకున్న వైసులో బిగించాడు రాజేశం. పిన్నులు తట్టి పాతది తీశాడు, కొత్తది కూర్చాడు. డబ్బాలో వచ్చిన కాయితం రెండుసార్లు చదివి, లాగుడు ఇంతకన్నా తేలిక చెయ్యొద్దని అందులో రాసిన హద్దుకు కాస్త ఇవతలే మర ఆపాడు. కాటా తగిలించి ఐదుసార్లు లాగితే ఐదుసార్లూ ఒకటే బరువు. దెబ్బ తగిలితే తనంతట పేలుతుందేమో చూడటానికి, బోల్టు మూసి రబ్బరు సుత్తితో పది దెబ్బలు కొట్టాడు. తూటాను పేల్చే లోపలి సూది కదల్లేదు. సేఫ్టీ వేసి కొట్టాడు, తీసి కొట్టాడు. ఊహూఁ, ఉలుకూ పలుకూ లేదు.

అబ్బ, ఏం పనితనం! తనకు తానే మురిసిపోయాడు. మురవొద్దా మరి, తొమ్మిదేళ్ల ఎదురుచూపాయె! దస్తా ఎక్కించి మరలు బిగించాడు, నూనె గుడ్డతో తుడిచాడు. ఆ ఊపులో రిజిస్టరు తెరిచి, మనిషి ఇంకా రాకముందే తన పేరు రాసేసుకున్నాడు. మోనాచారి చూసీ చూడనట్టు చాయ్ తాగుతున్నాడు.

వాన తెరిపిచ్చింది. బయట జీపు హారను మోగింది. వహీద్ సాబ్ గడప దగ్గరికి వచ్చి చేతులు చాచాడు. రాజేశం తుపాకిని రెండు చేతుల మీద పెట్టుకుని ముందుకొచ్చాడు. అరచేతికి దస్తా చెమ్మగా తగిలింది. పోయిన వారమంతా వానలో తడిసిన చెక్క. అప్పుడు తట్టింది వాడికి. తను చేసిన పరీక్షలన్నీ ఆ చెక్క లేకుండా చేసినవే.

సగం చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం సాబ్. చెక్క ఎక్కించినంక కొట్టి చూడలే."

వహీద్ సాబ్ మొహం చిట్లించుకుంటూనే లోపలికొచ్చి తూటా గదిలో తనూ వేలు పెట్టాడు. మూతి ఇసుక వైపు తిరిగింది. రాజేశం దస్తా మీద సుత్తితో కొట్టాడు. నాలుగు దెబ్బలకు ఏమీ లేదు. వహీద్ సాబ్ గడియారం చూసుకున్నాడు. ఐదు, ఆరు. ఏడో దెబ్బకు లోపల టక్కుమంది. ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అదే తూటా ఉంటే పేలేదే! రాజేశం సుత్తి కింద పెట్టాడు.

"ఏడింట్ల ఒక్కటే గద," అన్నాడు వహీద్ సాబ్. "చేన్లకు సుత్తి పట్టుకొని ఎవడొస్తడు? ఇయ్యాల్టికి ఇయ్యి, రేపు మళ్ల తెస్త. ఉస్తాద్, జర మీరన్న చెప్పున్రి."

"నన్నెందుకు అడుగుతున్నరు సాబ్?" అన్నాడు మోనాచారి, కూర్చున్నచోటి నుంచి లేవకుండా. "ఎవని చేతుల ఉన్నదో ఆయన్నే అడుగున్రి."

రాజేశం గొంతు సవరించుకున్నాడు. "సాబ్, బురదల గట్లు దుంకుతరు మీరు. కాలు జారుతది. మీ ముందట పందులను లేపనీకి డప్పులు కొట్టుకుంట పోయేటోళ్ల వీపులుంటయి. తిట్టున్రి, కొట్టున్రి, నేను ఇయ్యనంటే ఇయ్య."

తొమ్మిదేళ్లలో ఆ గొంతు అంతగా లేవడం అదే మొదలు. వహీద్ సాబ్ విసుగ్గా ఓ పక్కన కూర్చున్నాడు. రాజేశం వెళ్లి రిజిస్టరులో తన పేరు తనే కొట్టేసుకున్నాడు. ఆ గీత గీస్తుంటే ప్రాణం చివుక్కుమంది. అయినా గీశాడు.

దస్తా మళ్లీ ఊడదీస్తే దొంగ దొరికాడు. ట్రిగ్గర్ కూర్చునే గాడిలో చెక్క ఒకపక్క రాసుకుపోయి మెరుస్తోంది. కొత్తదాని డొక్క పాతదానికన్నా కొంచెం వెడల్పు. పైగా వానకు చెక్క ఉబ్బింది. పక్కనుంచి ఒత్తిడి పడేసరికి సూదిని ఆపే లోపలి కొక్కెం పూర్తిగా పట్టకుండా అంచు మీద నిలబడింది, దెబ్బకు జారింది. రాజేశం సన్న ఉలితో, పండు తొక్క తీసినట్టు, గాడిని చెక్కాడు. చుట్టూ కాయితం ముక్క ఆడేదాకా చెక్కాడు. చెమ్మ పట్టకుండా మైనం రుద్దాడు. మరలు బిగించి, కాటా పెట్టి చూసి, ఇరవై దెబ్బలు కొట్టాడు. సేఫ్టీ వేసి ఇరవై, తీసి ఇరవై. సూది కదల్లేదు.

"ఇగ మీరు కొట్టున్రి సాబ్," అని సుత్తి ఆయన చేతికే ఇచ్చాడు.

వహీద్ సాబ్‌కు ఆలస్యమైన కోపం ఉండనే ఉంది. ఆ కసంతా తీరేలా కొట్టాడు. పైనా కిందా, కుడీ ఎడమా కొట్టాడు. చాలక, మోకాలి ఎత్తు నుంచి దస్తాను రబ్బరు పట్టా మీద దబ్బుదబ్బున వేశాడు. టక్కుమంటే ఒట్టు! నలభై దాకా లెక్కపెట్టి ఆయాసంతో ఆగాడు. తర్వాత మెల్లగా ట్రిగ్గర్ మీద వేలు వేసి లాగాడు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. ఆయన మొహం విచ్చుకుంది.

"వారెవ్వా!" అని నవ్వేశాడు. "దీన్ని పట్టుకొని కళ్లు మూసుకొని ఉరుకొచ్చు. అయినా ఉరకనులే."

రాజేశం గడప దగ్గర నిలబడి రెండు చేతులా అందించాడు. ఆయనా రెండు చేతులా అందుకుని, కొంచెం వంగి, "సలాం రాజేశం ఉస్తాద్," అన్నాడు. ఆ మాట వాడిని ఎవరూ అనలేదు అప్పటిదాకా. జీపు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు రాజేశం. గుండె పొంగి, కళ్లు నిండి, ఏం చెయ్యాలో తోచక నవ్వాడు. లోపలికొచ్చి, కొట్టేసిన గీత కింద తన పేరు నిదానంగా రాసి, పుస్తకం తీసుకెళ్లి గురువు ముందు పెట్టాడు.

"పోయింది ఉస్తాద్! నా చేతిమీదికెళ్లి పోయింది!"

మోనాచారి ఆ పేరు మీదా, దాని పైన ఉన్న గీత మీదా వేలు ఉంచి చూశాడు.

"ఇప్పుడు గాదు బిడ్డా," అన్నాడు. "చాచిన చేతులు వాపసు గుంజుకున్నవు చూడు, గప్పుడే పోయింది."