కర్రెమ్మ ఎంచుకున్న ఒడ్డు

సముద్రానికి కాస్త దూరంలో, సరుగుడు తోటల వెనక దొడ్డిలో కర్రెమ్మ అనే ముసలి గేదె ఉండేది. కళ్ళకు పొర కమ్ముకొస్తోంది. లోకం పూర్తిగా చీకటి కాకముందే తిమింగలాన్ని ఒక్కసారి చూడాలని దాని ఆశ. తోడొస్తానంది మేక. చోటు చెప్పడానికి నక్క తయారైంది.

"రెండు చోట్లున్నాయి అత్తా. ఒకటి కొండకొమ్ము. దాని కింద లోతు నీళ్ళు. తిమింగలాలు తిరిగేది అటే. కానీ దూరం. నీ కళ్ళకు ఆనవు. రెండోది ఇసుకమేట. పిలిస్తే నీ మూతి దగ్గరికే వస్తుంది."

"పిలిచేదెవరు?" అంది మేక.

"తాబేలు లేదూ? ముసలిప్రాణం ఆశపడుతోందని చెబితే చాలు, తిమింగలానిది మెత్తటి మనసు."

"నువ్వెప్పట్నుంచి బావా, ఇంత పరోపకారివి?"

"నీతో నాకేం పని, గడ్డందానా! అత్త చెప్పాలి."

కర్రెమ్మ చాలాసేపు నెమరేసింది. కొండకొమ్ముకు పోయి ఏం లాభం, చూపు ఆననప్పుడు? "ఇసుకమేటకే పోదాం," అంది. తాబేలు కబురు మోసుకుని అలల్లోకి జారింది.

మేట దగ్గర మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఎదురుచూసింది గేదె. వెనక ఇసుకమీద నక్క చుట్టాలంతా బారులు తీరారు.

"ఇంతమందికీ తిమింగలాన్ని చూడాలని సరదానా?" అడిగింది కర్రెమ్మ.

"ఎవరికుండదు అత్తా!"

మేక దగ్గరికి జరిగి గొణిగింది. "సరదా కాదు పిన్నీ. ఒక్కటీ సముద్రం వైపు చూడ్డంలేదు. నీ కాళ్ళ దగ్గర నీళ్ళనే చూస్తూ మూతులు నాక్కుంటున్నాయి."

కర్రెమ్మ కాలు కదిపింది. మోకాలి దాకా ఉన్న నీళ్ళు గిట్టల మీదికి దిగిపోయాయి. సముద్రం వెనక్కి పోతోంది. తిమింగలం కొండంత ఒళ్ళేసుకుని ఇక్కడి దాకా వస్తే మళ్ళీ ఈదలేదు. కూలబడుతుంది. ఊపిరుండగానే ఈ చుట్టాలంతా పీక్కుతింటారు. ఈ నక్క తన ఆశనే ఎరగా కట్టింది.

అంతలో ఎదురుగా పెద్ద ఊపిరి వినిపించింది. ఉప్పుజల్లు గేదె మొహాన పడింది. మసకలో ఏదో నల్లగా కదిలింది.

"నన్ను చూడాలన్నది నువ్వేనా అవ్వా? ఇంకాస్త దగ్గరికి రానా?"

రా అంటే చాలు. కనిపిస్తుంది.

"పిలువత్తా, పిలువు!" నక్క తొందర పెట్టింది.

కర్రెమ్మ గొంతు చించుకుని అరిచింది. "వద్దు తల్లీ! నీళ్ళు వెనక్కి పోతున్నాయి. వెనక్కి తిరుగు. పో!"

పొట్ట ఇసుకకు రాసుకున్న చప్పుడు. తోక నీళ్ళను బాదిన చప్పుడు. తరవాత లోతు నీళ్ళల్లో దూరంగా ఇంకో ఊపిరి.

"కనిపించిందా పిన్నీ?"

"లేదే. బతికింది, విన్నాను."

వెనక నుంచి నక్క చుట్టాలు లేచారు. "విందన్నావు, ఏదీ విందు?" ఆకలి కడుపులు చుట్టూ మూగేసరికి నక్క తోక ముడుచుకుని సరుగుడు తోటల్లోకి పరుగు తీసింది. చుట్టాలు వెంటపడ్డారు.

మనం చూడబోయే ప్రాణి క్షేమంగా ఉండే చోటే, మనం చూడవలసిన చోటు.